చాటర్లీ దొరసాని, అద్దె వీసీఆర్

అమ్మితే నేరం, చదివితే కాదు. డి.హెచ్. లారెన్స్ రాసిన ఇంగ్లీషు నవల 'లేడీ చాటర్లీస్ లవర్' విషయంలో మన దేశంలో చట్టం చాలాకాలం ఇలాగే ఉండేది. 1964లో సుప్రీంకోర్టు అది అశ్లీల పుస్తకమేనని తేల్చేసింది. అయినా 1980ల్లో బెజవాడ ఏలూరు రోడ్డు వెంట పాత పుస్తకాలు పరుచుకుని కూర్చునేవాళ్లని గొంతు తగ్గించి అడిగితే చాలు, వెనకాల గోనెసంచిలోంచి ఒక కాపీ బయటికొచ్చేది. దానికి న్యూస్‌పేపర్ అట్ట వేసి ఉండేది. లోపల ఓ పాతిక ముప్పై పేజీలు నలిగి, మూలలు మడతపడి, వేలిముద్రలతో నల్లబడి ఉండేవి. మిగతా పుస్తకం కొత్తదే. అంతకుముందు కొన్నవాళ్లు ఏం చదివారో, ఏం వదిలేశారో ఎవరూ చెప్పక్కర్లేదు.

నాకు మాత్రం పుస్తకం కంటే ముందు సినిమా దొరికింది. అప్పుడే బ్యాంకులో గుమాస్తాగా చేరాను. గాంధీనగర్‌లో ఒక పాతింటి డాబా మీద గది. నాతోపాటు మా మేనత్త కొడుకు ఉండేవాడు, తర్వాత మా చెల్లెల్నే చేసుకున్నాడు. మందుల కంపెనీకి రిప్రజెంటేటివ్. ఏ డాక్టరు ఎన్నింటికి ఖాళీగా ఉంటాడో బావకి ఎంత బాగా తెలుసో, ఏ వీడియో లైబ్రరీకి ఏ క్యాసెట్ వచ్చిందో కూడా అంత బాగానూ తెలుసు. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాక కలర్ టీవీలు, వీసీఆర్లు మా ఊళ్ల దాకా వచ్చేశాయి. కొనగలిగినవాళ్లు కొద్దిమంది, అద్దెకు తెచ్చుకునేవాళ్లు ఊరంతా. టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు కలిపి రాత్రికి వంద రూపాయలకి కాస్త అటూ ఇటూగా ఉండేది. షాపు కుర్రాడు రిక్షాలో తెచ్చి, వైర్లు కలిపి, ఒక పాట వేసి చూపించి, మళ్లీ తెల్లారి ఆరింటికి వస్తానని బెదిరించి వెళ్లేవాడు.

మూడు క్యాసెట్లలో ఒకటి తప్పనిసరిగా ఇంటివాళ్ల కోసం. పౌరాణికమైతే మరీ మంచిది. కింద వాటాలో ఉన్న పిల్లలు, పెద్దవాళ్లు, పక్కింటివాళ్లు అందరూ చాపలేసుకుని కూర్చుని చూసి, ఆవలిస్తూ కిందికి దిగేవాళ్లు. అప్పుడు రెండోది. అది అమితాబ్ సినిమా అయి ఉండేది. మూడోది బావ బ్యాగులో మందుల శాంపిల్స్ కింద ఉండేది. ఆ రాత్రి దాని మీద పెన్నుతో ఏదో భక్తి సినిమా పేరు రాసి ఉంది. షాపువాళ్ల ముందుజాగ్రత్త.

"ఎవరిదో తెలుసా? సిల్వియా క్రిస్టెల్‌ది" అన్నాడు బావ, తనే ఆవిణ్ణి విమానం దింపి తీసుకొచ్చినంత గర్వంగా.

ఆ పేరు సినిమా పత్రికల్లో చిన్నచిన్న వార్తల్లో చదివి ఉన్నాం. ఆవిడ హీరోయిన్‌గా 'ఇమ్మాన్యుయెల్' అనే ఫ్రెంచి శృంగార సినిమా 1974లో వచ్చిందనీ, పారిస్‌లో ఒకే థియేటర్లో ఏళ్ల తరబడి ఆడిందనీ తెలుసు. బెత్తు కుర్చీలో కాళ్లు మడిచి కూర్చున్న ఆవిడ ఫొటో చూశాం. ఆవిడ కదిలితే ఎలా ఉంటుందో మాత్రం చూడలేదు.

క్యాసెట్ పెట్టగానే తెరంతా గీతలు. అప్పటికే రెండు సినిమాలు నడిచాయి కదా, హెడ్ మురికిపట్టింది. దానికి బావ దగ్గర వైద్యం ఉంది. పర్సులోంచి పెళపెళలాడే కొత్త రూపాయి నోటు తీశాడు. శాంపిల్స్ పెట్టెలోంచి స్పిరిట్ సీసా తీసి నోటు అంచు తడిపాడు. వీసీఆర్ మూత విప్పి, లోపల మెరుస్తున్న స్టీలు డ్రమ్ముకి ఆ అంచు ఆనించి, ఒక చేత్తో నోటు కదలకుండా పట్టుకుని రెండో చేత్తో డ్రమ్ముని నెమ్మదిగా తిప్పాడు. నోటు మీద సన్నటి నల్లటి గీత పడింది. "చూశావా, ఎంత మురికో" అని చూపించాడు. ఊపిరి బిగబట్టి మరీ చేశాడు. ఇంజెక్షన్ చేయించుకునేటప్పుడు కూడా అంత జాగ్రత్తగా ఉండడు. మూత బిగించి మళ్లీ పెడితే బొమ్మ వచ్చింది.

బొమ్మయితే వచ్చింది గానీ మాకు కావలసింది రాలేదు. కథ మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. సర్ క్లిఫర్డ్ చాటర్లీ అనే జమీందారు యుద్ధానికి వెళ్లి నడుం కింద చచ్చుబడి తిరిగొస్తాడు. పెద్ద భవంతి, చక్రాల కుర్చీ. అతని భార్య కాన్‌స్టన్స్, ముద్దుగా 'కానీ' అంటారు. ఆవిడ కిటికీలోంచి చూస్తుంది, మెట్లు దిగుతుంది, తోటలో నడుస్తుంది, మళ్లీ మెట్లెక్కుతుంది. ఎస్టేటు అడవిని కాపలా కాసే మెలర్స్ ఎప్పుడు కనిపిస్తాడా అని మేం ఎదురుచూస్తున్నాం. బావ చెయ్యి రిమోట్ మీదే ఉంది. ఆ రిమోట్‌కీ వీసీఆర్‌కీ మధ్య బారెడు వైరు ఉండేది. ఆ వైరు కాలికి తట్టుకుని ఎన్ని వీసీఆర్లు కిందపడ్డాయో ఆ దేవుడికే తెలియాలి.

ఈలోగా తలుపు దగ్గర అలికిడి. ఇంటివాళ్ల మామ్మగారు. ఎండాకాలం కదా, డాబా మీద మంచం వేసుకుని పడుకునేవారు. మేం ఆ సంగతే మర్చిపోయాం.

"ఏం నాయనా, ఇంకా పడుకోలేదూ? ఏం సినిమా అది?"

"ఇంగ్లీషు సినిమా మామ్మగారూ. యుద్ధం సినిమా" అన్నాడు బావ. అబద్ధం కాదు, యుద్ధం ఉంది మరి.

నిద్ర పట్టడం లేదంటూ ఆవిడ గడపలో చతికిలబడి కూర్చున్నారు. మా గుండెలు గొంతులోకొచ్చాయి. టెన్షన్ అంటే ఏమిటో ఆ రాత్రి తెలిసింది. లేచి వెళ్లమనలేం, టీవీ కట్టేస్తే అనుమానం. బావ సౌండు తగ్గించి కథ చెప్పడం మొదలుపెట్టాడు. పాపం ఆ దొరగారికి యుద్ధంలో నడుం విరిగింది, ఆవిడ ఆయన భార్య, చాలా ఉత్తమురాలు, ఇలా సాగింది. గండం దగ్గర పడుతోందని తోచినప్పుడల్లా ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కేవాడు. మనుషులు గబగబా పరిగెత్తేవాళ్లు, తెర మీద గీతలు. "కరెంటు తేడా మామ్మగారూ" అనేవాడు. అలా మా వంద రూపాయల సినిమాలో సగం మా చేతులతో మేమే సెన్సార్ చేసుకున్నాం.

మామ్మగారు మాత్రం ఆ గీతలని పట్టించుకోలేదు. ఆవిడ చూపంతా చక్రాల కుర్చీ మీదే ఉంది.

"ఆ అబ్బాయికి స్నానం ఎవరు చేయిస్తున్నారు?"

బావకి ఏం చెప్పాలో తెలియలేదు. అదే సమయానికి తెర మీదికి నర్సు వచ్చింది, మిసెస్ బోల్టన్.

"అదిగో. చేసేది ఆవిడ" అన్నారు మామ్మగారు. "మీరేమో ఆ తెల్లచీర పిల్లనే చూస్తున్నారు."

అది చీర కాదు గానీ, మిగతాదంతా నిజమే. తర్వాత ఆవిడ తన సంగతి చెప్పారు. తాతగారికి పక్షవాతం వచ్చి మంచాన పడితే ఏళ్ల తరబడి ఆవిడే ఒళ్లు తుడిచి, గడ్డం గీసి, అన్నం కలిపి పెట్టారట. "చేసేవాళ్ల మీదే కోపం, చేసేవాళ్లు కాసేపు కనపడకపోతే బెంగ. చంటిపిల్లాడి కింద లెక్క" అన్నారు. ఇంకాసేపు కూర్చుని, ఆ నర్సుకి పెళ్లయిందా, పిల్లలున్నారా అని అడిగి, మాకు తెలియదంటే లేచి వెళ్లి పడుకున్నారు. ఆ తర్వాత మేం మిగతా సినిమా అక్షరం వదలకుండా చూశాం. ఎందుకు దాచాలి, వెనక్కి తిప్పి కూడా చూశాం. అయితే అప్పటికి మజా పోయింది.

ఆ సినిమా తీసిన మనిషి జస్ట్ జాకాఁ. ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్‌గా మొదలైన ఫ్రెంచివాడు. రచ్చకెక్కిన పుస్తకాలని తెరకెక్కించడమే ఆయన వ్యాపారం అనుకోవచ్చు. 'ఇమ్మాన్యుయెల్' ఒక నవలే. మరుసటేడు 1975లో తీసిన 'స్టోరీ ఆఫ్ ఓ' కూడా ఫ్రాన్స్‌లో దుమారం రేపిన నవలే, మారుపేరుతో అది రాసిన ఆవిడ ఎవరో 1994 దాకా లోకానికి తెలియదు. 1981లో ఈ లేడీ చాటర్లీ. డబ్బు పెట్టింది కానన్ కంపెనీ, అంటే మెనాహెమ్ గోలన్, యోరమ్ గ్లోబస్ అనే ఇజ్రాయెలీ అన్నదమ్ముల బిడ్డలు. 1979లో ఆ కంపెనీ కొని, దశాబ్దం పాటు నింజాల సినిమాలు, చార్లెస్ బ్రాన్సన్ సినిమాలు కుప్పలు తెప్పలుగా తీశారు. ముందు పోస్టర్ వేయించి, కాన్స్ ఉత్సవంలో ఆ పోస్టర్ చూపించి హక్కులు అమ్మేసి, ఆ డబ్బుతో సినిమా తీయడం వాళ్ల పద్ధతి. 'ఇమ్మాన్యుయెల్' దర్శకుడు, 'ఇమ్మాన్యుయెల్' హీరోయిన్, లారెన్స్ పేరు. ఈ మూడూ ఒక పోస్టర్ మీద పడితే ఇక స్క్రిప్టుతో పనేముంది?

అలాగని సినిమాని కొట్టిపారెయ్యలేను. ఛాయాగ్రాహకుడు రాబర్ట్ ఫ్రేస్. పదేళ్ల తర్వాత 'ది లవర్' అనే సినిమాకి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిన మనిషి. మా క్యాసెట్‌లో ఆయన పనితనం ఏం కనపడుతుంది, కాపీకి కాపీకి కాపీ అది. చాలా ఏళ్ల తర్వాత శుభ్రమైన ప్రింటు చూశాక తెలిసింది. ప్రతి దృశ్యం మీదా పాల మీద మీగడలా ఒక పల్చటి పొర. చెట్లు, పొగమంచు, తెల్ల లేసు బట్టలు, అన్నీ మెత్తగా ఉంటాయి. ఆ మెత్తదనంతోనే నాకు పేచీ. లారెన్స్ రాసిన ఊళ్లో అంత తెల్లగా ఏదీ ఉండదు. అక్కడ ఆకుల మీద కూడా బొగ్గు మసి.

పుస్తకం దగ్గరికి నన్ను తీసుకెళ్లింది మా పెదనాన్న. తెనాలిలో ప్లీడరు. ఆయన ఆఫీసు గదిలో గోడంతా కోర్టు తీర్పులు అచ్చేసే ఏఐఆర్ (ఆల్ ఇండియా రిపోర్టర్) వాల్యూములు, ఎర్ర తోలు వీపులతో. ఒక పండక్కి వెళ్లినప్పుడు మాటల్లో ఆ సినిమా పేరు నోరుజారాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, "సినిమా సరే, కేసు తెలుసా?" అని 1965 వాల్యూము తీసి 881వ పేజీ దగ్గర తెరిచి నా ఒళ్లో పెట్టారు. రంజిత్ ఉదేశీ వర్సెస్ మహారాష్ట్ర ప్రభుత్వం.

బొంబాయిలో హ్యాపీ బుక్ స్టాల్ అని ఒక కొట్టు. నలుగురు భాగస్థులు. 1959 డిసెంబర్‌లో పోలీసులు మామూలు మనిషిలా ఒకణ్ణి పంపించి ఆ పుస్తకం కొనిపించారు. అశ్లీల పుస్తకాలు అమ్మడం నేరమనే ఐపీసీ 292 కింద కేసు. రచయిత ముల్క్ రాజ్ ఆనంద్ వచ్చి ఇది గొప్ప సాహిత్యమని సాక్ష్యం చెప్పాడు. అయినా శిక్ష పడింది, తలా ఇరవై రూపాయల జరిమానా. ఇరవై రూపాయల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. అక్కడ అయిదుగురు జడ్జీల ధర్మాసనం. తీర్పు రాసింది జస్టిస్ హిదయతుల్లా. కళ, అశ్లీలం రెండూ ఉన్నచోట కళ ఎంత పైచేయిగా ఉండాలంటే అశ్లీలం దాని నీడలో కనపడకుండా పోవాలి, ఈ పుస్తకంలో అలా లేదు అన్నారు. కొలబద్ద ఏమిటంటే 1868 నాటి ఇంగ్లండు కేసులోని హిక్లిన్ టెస్టు, అంటే తేలిగ్గా చెడిపోయే మనసులని ఆ రాత చెడగొడుతుందా అని చూడటం. తమాషా ఏమిటంటే అప్పటికే ఇంగ్లండువాళ్లు 1959లో కొత్త చట్టం తెచ్చుకున్నారు, 1960లో ఇదే పుస్తకాన్ని వాళ్ల కోర్టు వదిలేసింది. వాళ్లు పారేసిన కొలబద్దని మనం 2014 దాకా మోశాం.

"జడ్జీగారు పుస్తకం మొత్తం చదివే రాశారు, అది కనపడుతోంది" అన్నారు పెదనాన్న. "మీరు అదైనా చెయ్యలేదు." కాస్త ఆగి, "మన చలం 'మైదానం' 1927లో రాశాడు. వీడిది 1928. ఎవర్ని చూసి ఎవరూ రాయలేదు. అందులోనూ రాజేశ్వరి మొగుడు ప్లీడరేరా. అక్కడ దొరగారు, ఇక్కడ ప్లీడరు. మాకే వస్తాయి ఈ తంటాలు" అని పెద్దగా నవ్వారు. పెద్దమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది.

పుస్తకం కొన్నాను గానీ చదవడానికి ఇంకా కొంతకాలం పట్టింది. ప్రమోషన్ మీద నన్ను ఖమ్మం జిల్లాలో బొగ్గు గనులున్న ఒక ఊరికి వేశారు. సాయంత్రం బ్యాంకు మూసేశాక చెయ్యడానికేమీ ఉండదు. కిటికీ పట్టె మీద వేలు పెట్టి రాస్తే నల్లటి గీత. షిఫ్టు మారేటప్పుడు సైరన్. అక్కడ చదివాను 'లేడీ చాటర్లీస్ లవర్'ని, న్యూస్‌పేపర్ అట్టతో సహా.

లారెన్స్ స్వయంగా గని కార్మికుడి కొడుకు, నాటింగ్‌హామ్‌షైర్‌లోని ఈస్ట్‌వుడ్‌లో 1885లో పుట్టాడు. 1912లో తనకి పాఠం చెప్పిన ప్రొఫెసర్‌గారి భార్య ఫ్రీడాతో వెళ్లిపోయాడు. ఆవిడకి అప్పటికే ముగ్గురు పిల్లలు. దొరసానీ, గని పిల్లాడూ అన్న కథ ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. క్షయతో బాధపడుతూ ఇటలీలో ఫ్లారెన్స్ దగ్గర ఒక ఇంట్లో ఉండి 1926 నుంచి 1928 మధ్య ఈ నవలని మూడుసార్లు మొదటినుంచీ రాశాడు. ఇంగ్లండులో ఎవరూ వెయ్యరని తెలిసి, ఫ్లారెన్స్‌లోనే వెయ్యి కాపీలు అచ్చేయించాడు. అక్కడ ప్రెస్సువాళ్లకి ఇంగ్లీషు రాదు. ఇందులో ఇలాంటి సంగతులున్నాయని చెబితే, ఓస్ ఇంతేనా, ఇది రోజూ చేసేదేగా అన్నాడట ఆ ప్రింటరు. ఈ ముచ్చట లారెన్స్ తనే రాసుకున్నాడు. 1930లో పోయాడు, 44 ఏళ్లకే.

నవలలో క్లిఫర్డ్ ఆస్తి అంతా బొగ్గు గనులే. ఎస్టేటు గేటు దాటితే టెవర్షల్ అనే గని ఊరు. సినిమా చూస్తే అతను భూములున్న జమీందారనుకుంటాం. పుస్తకంలో అతను యజమాని. కుర్చీలో కూర్చునే గనులని మళ్లీ లాభాల బాట పట్టించాలని చూస్తాడు, కార్మికులంటే మనుషులు కాదని భార్యతో వాదిస్తాడు. కుర్చీ మోటారు ఎత్తు మీద ఆగిపోతే వెనకనుంచి నెట్టేది కాపలాదారు మెలర్స్. నెట్టించుకోవడం ఇష్టం లేదు, నెట్టకపోతే కదలలేడు. నలిగిన పాతిక పేజీల కంటే నాకు ఆ కుర్చీ పేజీలే ఎక్కువ గుర్తున్నాయి.

ఏడో అధ్యాయం నుంచి మొదలవుతుంది మామ్మగారు అడిగిన సంగతి. ఆ నర్సుకి పెళ్లయింది. పేరు ఐవీ బోల్టన్. మొగుడు టెడ్ గనిలో పేలుడులో పోయాడు, 28 ఏళ్లకి. ఇద్దరు చిన్న పిల్లలు. పేలుడు రాబోతోందని పడుకోమన్నప్పుడు అతను పడుకోకుండా పరిగెత్తాడని కంపెనీ తేల్చింది. తప్పు అతనిదే కాబట్టి ఇచ్చింది పరిహారం కాదు, దయ అన్నట్టు మాట్లాడారు. మొత్తం 300 పౌన్లు. అది కూడా ఒక్కసారి ఇవ్వలేదు. ఆవిడ చిన్న కొట్టు పెట్టుకుంటానంది. తాగి తగలేస్తావేమో అని, వారానికి 30 షిల్లింగుల చొప్పున ఇచ్చారు. ప్రతి సోమవారం పొద్దున్నే ఆఫీసుకి వెళ్లి రెండేసి గంటలు వరసలో నిలబడి తీసుకోవాలి. దాదాపు నాలుగేళ్లు అలా నిలబడింది. ఆ యజమానుల ఇంటికే ఇప్పుడు ఆవిడ నర్సుగా వస్తుంది. క్లిఫర్డ్‌కి గడ్డం గీస్తుంది. ఊరి కబుర్లు చెబుతుంది. అతను ఆవిడకి చదరంగం, టైపు నేర్పుతాడు. ఆవిడకి వాళ్లంటే కసి, వాళ్ల దర్జా అంటే మోజు, రెండూ ఒకేసారి. అతను ఆవిడ చేతిలో చంటిపిల్లాడయిపోతాడు. మామ్మగారు గడపలో కూర్చుని అన్నమాటే, దాదాపుగా.

ఈ అధ్యాయం చదివిన వారంలోనే పింఛన్ల రోజు వచ్చింది. మా కౌంటర్ ముందు ఆడవాళ్ల వరస, కొంగు చివర ముడేసిన పాస్‌బుక్కులు. వేలిముద్ర వేయించుకోవడానికి ఇంకు ప్యాడ్ ముందుకి జరుపుతుంటే నాకు చెయ్యి కాస్త తడబడింది. అంతకుమించి ఏమీ జరగలేదు. ఆ రోజు మాత్రం క్యాష్ త్వరగా ఇమ్మని కేషియర్ని రెండుసార్లు తొందరపెట్టాను.

లండన్ విచారణ సంగతి కూడా ఆ తర్వాతే వివరంగా చదివాను. 1960 అక్టోబర్, నవంబర్లలో ఓల్డ్ బెయిలీ కోర్టు. పెంగ్విన్ సంస్థ మీద కేసు. ప్రాసిక్యూషన్ లాయరు మెర్విన్ గ్రిఫిత్ జోన్స్ జ్యూరీని ఒక ప్రశ్న అడిగాడు. మీ భార్యగానీ మీ పనివాళ్లుగానీ ఈ పుస్తకం చదవడం మీకు ఇష్టమేనా అని. జ్యూరీలో ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు. ఇంట్లో పనివాళ్లని పెట్టుకునే స్థోమత ఎంతమందికి ఉందో మరి. కేసు ఓడిపోవడానికి ఆ ఒక్క ప్రశ్న చాలంటారు. నాకైతే ఆయన నోటివెంట నిజమే వచ్చిందనిపిస్తుంది. దొర ఒక పనిమనిషితో ఉంటే ఎవరూ నవల నిషేధించరు, అలాంటివి ప్రతి జమీలోనూ ఉండేవే. దొరసాని పనివాడి దగ్గరికి వెళ్లింది, పైగా అతను తలెత్తి తన ఊరి యాసలోనే ఆవిడతో మాట్లాడాడు. అక్కడ కాలింది వాళ్లకి. నవంబర్ 2న జ్యూరీ నిర్దోషి అంది. 10న పుస్తకం మార్కెట్లోకి వచ్చింది, 3 షిల్లింగుల 6 పెన్నీలకి. మొదటి రోజే 2 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. తర్వాతి ముద్రణని పెంగ్విన్ ఆ 12 మంది జ్యూరీ సభ్యులకే అంకితమిచ్చింది.

సినిమాకి కూడా ముందే ఒక కోర్టు కథ ఉంది. 1955లో ఫ్రాన్స్‌లో మార్క్ అలెగ్రే ఇదే నవలని తీశాడు, డానియెల్ దారియూ 'కానీ'గా. ఇప్పుడు చూస్తే పిల్లల సినిమా. న్యూయార్క్ అధికారులు మాత్రం లైసెన్స్ ఇవ్వలేదు. బూతు అని కాదు, అక్రమ సంబంధాన్ని మంచిపనిలా చూపించిందని. 1959లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది, ఒక అభిప్రాయం ఎంత ఇష్టం లేనిదైనా నిషేధించడానికి వీల్లేదంటూ. అంటే 1955 సినిమాని భయపెట్టింది ఆలోచన. 1981 సినిమాలో ఆ ఆలోచనే తీసేశారు, మిగిలింది పోస్టర్. అందుకే ఎవరూ నిషేధించాల్సినంత పని పడలేదనుకుంటాను.

సిల్వియా క్రిస్టెల్ మీద నాకు ఇప్పుడు వేరే రకమైన అభిమానం. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో పుట్టింది, తల్లిదండ్రుల హోటల్లో పెరిగింది. ఇరవై రెండేళ్లు నిండకుండానే ప్రపంచమంతా తెలిసిన ముఖం. తర్వాత ఏ వేషం వేసినా ఆ బెత్తు కుర్చీ వెంట వచ్చింది. లేడీ చాటర్లీలో ఆవిడ నటించాలని గట్టిగానే ప్రయత్నించింది. ముఖ్యంగా మాటల్లేని చోట్ల, భవంతిలో ఒంటరిగా తిరిగేటప్పుడు. ఆ రాత్రి మేం తిట్టుకున్న మెట్లెక్కడం, దిగడం ఇప్పుడు చూస్తే ఆ సినిమాలో బాగున్నవి అవే. మొహంలో ఒక విసుగు ఉంటుంది, అది కానీదో క్రిస్టెల్‌దో చెప్పలేం. 2012 అక్టోబర్‌లో క్యాన్సర్‌తో పోయింది, 60 ఏళ్లకి. మెలర్స్ వేసిన నికొలస్ క్లే అంతకు చాలా ముందే, 2000లో, 53 ఏళ్లకే పోయాడు. ఆయన అదే 1981లో 'ఎక్స్‌కాలిబర్'లో లాన్సెలాట్. జాకాఁ 2022లో వెళ్లిపోయాడు.

తర్వాత వచ్చిన చాటర్లీలన్నీ దొరికినంతవరకూ చూశాను. 2006లో పాస్కల్ ఫెరాఁ అనే ఫ్రెంచి దర్శకురాలు లారెన్స్ రెండో రాతప్రతిని తీసుకుని చేసినది నాకు అన్నిటికంటే ఇష్టం. నిడివి రెండున్నర గంటలు దాటుతుంది, ఓపిక కావాలి. ఆడవాళ్ల చేతిలో పడితే గానీ ఆ కథకి ఊపిరాడలేదు. ఫ్రాన్స్‌లో ఉత్తమ చిత్రంగా సెజార్ అవార్డు కూడా వచ్చింది. 1993లో బీబీసీ కోసం కెన్ రస్సెల్ తీసిన సీరియల్లో జోలీ రిచర్డ్‌సన్ 'కానీ'గా, షాన్ బీన్ మెలర్స్‌గా వేశారు.

2022లో నెట్‌ఫ్లిక్స్‌లో ఇంకోటి వచ్చింది. అందులో కానీగా ఎమ్మా కొరిన్. మిసెస్ బోల్టన్ ఎవరా అని చూస్తే, అదే జోలీ రిచర్డ్‌సన్. ముప్పై ఏళ్ల కిందట అడవిలో పరిగెత్తిన దొరసాని ఇప్పుడు నర్సు యాప్రన్ కట్టుకుని కుర్చీ వెనక నిలబడింది. సినిమా అయ్యేదాకా నేను ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నాను. వెంటనే బావకి ఫోన్ చేసి ఈ విశేషమంతా చెప్పాను, బోల్టన్ సంగతి, 30 షిల్లింగుల సంగతి, అప్పటి సంగతీ ఇప్పటి సంగతీ అన్నీ. ఆయన రిటైరై ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాడు, మోకాళ్ల నొప్పులు. ఓపిగ్గా అంతా విన్నాడు.

"అదంతా సరే, ఆ సీన్లున్నాయా?" అన్నాడు.

ఉన్నాయన్నాను.

"అయితే మీ చెల్లి పడుకున్నాక చూస్తా" అని పెట్టేశాడు.